నాన్న పుండుకి కొత్త మందు ట్రయల్: చేర్చాలా, వద్దా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నాయుడుపేట. ఇరవై ఏళ్లుగా చెన్నై కొరట్టూరులో ఉంటున్నాం. నాన్నకి 63 ఏళ్లు, షుగరు వచ్చి పదహారేళ్లయింది. ఐదు నెలల కింద వానలో స్కూటర్ జారి ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. ఎముక ఇంకా పూర్తిగా అతుక్కోలేదంటున్నారు. వాకర్ పట్టుకుని కుడి కాలి మీదే బరువంతా వేసి నడిచేసరికి కుడి అరికాల్లో, బొటనవేలు మొదట్లో ఆనెకాయలా వచ్చి పుండు పడింది. మూడు నెలలైనా మానలేదు. నొప్పి మాత్రం లేదంటారు. ఇప్పుడు చూపిస్తున్న ఆసుపత్రిలో పుండు మీద రాసే కొత్త జెల్ గురించి పరిశోధన జరుగుతోందని, ఇష్టమైతే చేర్చుకుంటామని అన్నారు. సగం మందికి మందు ఉన్న జెల్, సగం మందికి మందు లేని జెల్ ఇస్తారట. ఎవరికి ఏది పడిందో డాక్టర్లకీ తెలియదట. ఇచ్చిన కాగితాలు ఇంగ్లీషులో, తమిళంలో ఉన్నాయి. నాన్నకి తెలుగు చదవడం ఒక్కటే వచ్చు. 'మనిషిని ఎలుకని చేస్తారా' అని అమ్మ ఏడుస్తోంది. బాబాయి పుత్తూరు కట్టు కట్టిద్దామంటాడు. అన్నయ్య బెంగళూరులో ఒక క్లినిక్ వాళ్లతో మాట్లాడితే, స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఎముకా పుండూ రెండూ నయమవుతాయని, రెండున్నర లక్షలవుతుందని చెప్పారట. నాన్నేమో కాలు బాగైతే అలిపిరి మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నారు. ఏం చేయాలో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక కూతురు, చెన్నై

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ 'నొప్పి మాత్రం లేదంటారు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ ఇంట్లో అందరూ ఆ మాటకి కాస్త ఊరట పడుతూ ఉండవచ్చు. నాకు మాత్రం అన్నిటికన్నా కంగారు పుట్టించింది అదే. అరికాల్లో మూడు నెలల పుండు పెట్టుకుని, దాని మీదే ఒళ్లంతా మోపి నడుస్తున్న మనిషికి నొప్పి తెలియడం లేదంటే, ఆ పాదంలో నరాలు మొద్దుబారిపోయాయన్నమాట. నొప్పి తెలిసి ఉంటే ఆయన మూడో రోజే నడవడం మానేసి కూర్చునేవారు. ఆ పుండు అక్కడితో మానిపోయేది.

అందుకే ట్రయల్ సంగతి కాసేపు పక్కన పెట్టి, రోజువారీ వైద్యం ఎలా జరుగుతోందో ముందు అడుగుతాను. ఏ జెల్ రాసినా, దాని మీద రోజుకి వెయ్యి అడుగులు పడితే ఆ పుండు మానదు.

ఈ విషయం లోకానికి తెలిసింది మనకి దగ్గరలోనే. పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1946లో వెల్లూరు సీఎంసీకి (క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి) వచ్చారు. కుష్టు రోగుల పాదాలు ఎందుకు పాడైపోతున్నాయో ఆయన ఏళ్ల తరబడి గమనించారు. ఆ జబ్బు నరాలను చంపుతుంది, నొప్పి తెలియని పాదాన్ని ఆ మనిషే తెలియకుండా నడిచి నడిచి అరగదీసుకుంటాడు. పుండున్న కాలికి అరికాలి ఆకారానికి సరిగ్గా అతికేలా పిండికట్టు వేసేస్తే, ఏళ్ల నాటి పుళ్లు కూడా లోపలే మానేవి. కట్టులో మందేమీ లేదు. బరువు ఒక్క చోట పడకుండా కాలంతటికీ పంచుతుంది, పైగా రోగి ఇష్టమొచ్చినప్పుడు విప్పడానికి వీలుండదు. బ్రాండ్ ఆ తర్వాత అమెరికా వెళ్లి ఇదే పద్ధతిని షుగరు రోగులకీ నేర్పారు. ఈ రోజుకీ అరికాలి షుగరు పుండుకి అంతర్జాతీయ మార్గదర్శకాలు మొట్టమొదట చెప్పేది ఇదే: మోకాలి వరకూ వచ్చే, రోగి విప్పలేని కట్టు లేదా బూటు. మన ఆసుపత్రుల్లో దీన్ని టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటారు. ఇంత బలమైన వైద్యం ఉండగా, చాలామందికి రోజూ గాజుగుడ్డ మార్చి పంపడంతోనే సరిపెడుతున్నారు. ఏళ్లుగా ఇది చూస్తున్నా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ నాన్నగారి విషయంలో చిక్కు ఉంది. విరిగింది ఎడమ కాలు, పుండు కుడి కాలికి. కుడి కాలికి కట్టు వేస్తే ఆయన దేని మీద నిలబడాలి? దీనికి జవాబు ఎముకల డాక్టర్ దగ్గర ఉంది. లోపల రాడ్ వేసిన ఎముక మీద చాలాసార్లు కొంత బరువు వేయనిస్తారు. ఎడమ కాలి మీద ఎంత బరువు వేయవచ్చో ఆయన్ని సూటిగా అడగండి. ఆయన చెప్పింది పుండు చూసే డాక్టర్‌కి చెప్పండి. వీలైతే ఇద్దరినీ ఒకసారి ఫోన్‌లోనైనా మాట్లాడుకోమనండి. ఒకే మనిషి రెండు కాళ్లకి రెండు ఫైళ్లు, ఇద్దరు డాక్టర్లు. ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకపోవడం వల్లే మీ నాన్నగారికి రెండో కాలి మీద పుండు పడిందని నా అనుమానం. కుంటుతూ నడిచే షుగరు రోగి 'మంచి కాలి' అరికాలు రోజూ చూడాలని ఎవరో ఒకరు మీకు ముందే చెప్పి ఉండాల్సింది.

ఎడమ కాలి మీద బరువు వద్దంటే, ఇక మిగిలింది వీల్‌చైర్. మన మగవాళ్లకి అది పెద్ద చిన్నతనంగా ఉంటుంది. చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుంటారో అని ఇంట్లోనే గోడ పట్టుకుని నడుస్తారు. ఇది కొన్ని వారాల మందు అని ఆయనకి చెప్పండి. బాత్రూమ్ సంగతి కూడా చూడండి. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి అయితే ఆ పుండు ఉన్న చోట, బొటనవేలి మొదట్లో కూడా బరువు పడుతుంది. మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టండి. రాత్రిపూట రెండుమూడుసార్లు లేచే అలవాటుంటే మూత్రానికి బాటిల్ పెట్టండి.

తర్వాత రక్తం సంగతి. మా మేనమామకి పాతికేళ్ల కింద ఇలాగే వేలి దగ్గర పుండు పడింది. ఒక ఆసుపత్రిలో నాలుగు నెలలు రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ చేశారు. ఆ నాలుగు నెలల్లో ఆయన పాదం మీద వేలు పెట్టి నాడి కొట్టుకుంటోందో లేదో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నేను వెళ్లి చూసేసరికి పాదం చల్లగా ఉంది, రెండు వేళ్లు నల్లబడ్డాయి. కాలు మోకాలి కింద వరకూ తీసేయాల్సి వచ్చింది. రక్తనాళం మూసుకుపోయిందని మొదటి నెలలోనే తెలిసి ఉంటే దాన్ని తెరిచే మార్గాలు చూసేవాళ్లం. కాబట్టి పాదంలో నాడి చూశారా, రక్తం ఎలా పారుతోందో చూసే డోప్లర్ పరీక్ష చేశారా, చేతి బీపీతో చీలమండ బీపీ పోల్చి చూశారా అని అడగండి. పుండు లోపల చిన్న ఊచ పెట్టి అది ఎముకకి తగులుతోందో లేదో చూశారా, ఎక్స్‌రే తీశారా అని కూడా అడగండి. ఎముక వరకూ చీము దిగితే వైద్యం పూర్తిగా మారిపోతుంది.

ఇంట్లో పథ్యం ఎలా ఉందో మీరు రాయలేదు. నేను ఊహించగలను. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, వంకాయ పెట్టకూడదని అమ్మగారు ఆపేసి ఉంటారు. ఇందులో నిజం లేదు. కొత్త చర్మానికైనా, కొత్త ఎముకకైనా కావాల్సిన సరుకు మాంసకృత్తులే. క్రియాటినిన్ పరీక్ష చూసి కిడ్నీలు బాగున్నాయని డాక్టర్ చెబితే రోజూ పప్పు, గుడ్డు, పెరుగు, చేప పెట్టండి. అన్నం తగ్గించి అవి పెంచితే షుగరూ అదుపులో ఉంటుంది. అమ్మగారికి ఇది ఎంతో ప్రేమతో చెప్పాలి, ఎందుకంటే ఆవిడ ఆపింది కూడా ప్రేమతోనే.

ఇక ట్రయల్. అమ్మగారి భయం నాకు అర్థమైంది. మన దేశంలో పేదవాళ్ల మీద సరైన అనుమతి లేకుండా మందులు ప్రయోగించిన రోజులు లేకపోలేదు. అందుకే చట్టం గట్టిపడింది. కానీ ఒక పాత పరిశోధన లెక్క చెబుతాను, ఆవిడతో కూర్చుని చదవండి. బెకాప్లెర్మిన్ అని పుండు మానడానికి సాయపడే జెల్ ఒకటి 1997లో అమెరికాలో అనుమతి పొందింది. దాని మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో, ఇరవై వారాలకి మందు జెల్ రాసినవారిలో నూటికి 50 మందికి పుండు పూర్తిగా మానింది. మందు లేని జెల్ రాసినవారిలో 35 మందికి మానింది. ఈ రెండో అంకె చూడండి. మందు పడకపోయినా, పుండుని శుభ్రంగా కోసి తీర్చిదిద్దడం, బరువు మోపనివ్వకపోవడం, వారం వారం చూడటం వల్లే ముగ్గురిలో ఒకరికి పైగా బాగయ్యారు. మందు పడినవాళ్లలో కూడా సగం మందికి మానలేదు. కొత్త జెల్ వల్ల అదనంగా కలిగే మేలు ఇంత మాత్రమే ఉంటుంది. దాని కింద పునాదిగా ఉన్న మామూలు వైద్యమే పెద్దది.

ఆ మందు కథ ఇంకొంచెం ఉంది. 2008లో, ఎక్కువ ట్యూబులు వాడినవారిలో క్యాన్సర్ మరణాలు పెరిగాయేమోనని దాని మీద గట్టి హెచ్చరిక ముద్రించమన్నారు. మరికొన్నేళ్లు గమనించాక 2018లో ఆ హెచ్చరిక తీసేశారు. అనుమతి వచ్చాక కూడా మనుషులను ఓపిగ్గా లెక్కపెడుతూ పోతే గానీ నిజం తేలదని దీనివల్ల తెలుస్తుంది. మందు లేని జెల్ సగం మందికి ఇవ్వడం మోసం కాదమ్మా. ఎవరికేది పడిందో డాక్టర్‌కి తెలిస్తే, తెలియకుండానే మందు పడినవారిని మరింత శ్రద్ధగా చూస్తారు, మానిందని తొందరగా రాసేస్తారు. అప్పుడు మందు పని చేసిందో, మనసు పని చేసిందో తెలియదు. ఒకరికి అత్యవసరమైతే ఎవరికి ఏది పడిందో విప్పి చూసే ఏర్పాటు కూడా ఉంటుంది.

ఎముకల వైద్యం కూడా ఇలాంటి లెక్కల మీదే నడుస్తోంది. ఎముక విరిగి చర్మం చీల్చుకు వచ్చిన గాయాలను దేంతో కడగాలో తేల్చడానికి 2,447 మందితో ఒక పెద్ద ట్రయల్ చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. అందులో మన దేశపు ఆసుపత్రులూ ఉన్నాయి. సబ్బు నీళ్లకన్నా మామూలు సెలైనే మేలని, నీళ్లు ఎక్కువ ఒత్తిడితో కొట్టినంత మాత్రాన లాభం లేదని తేలింది. ఖరీదైన యంత్రం లేని చిన్న ఆసుపత్రికి అది ఎంత ధైర్యమిచ్చే కబురో ఆలోచించండి. అలాగే మీ నాన్నగారి లాగే మోకాలి కింద ఎముక విరిగి రాడ్ వేయించుకున్న 501 మంది మీద, ఇంట్లో పెట్టుకునే అల్ట్రాసౌండ్ పరికరం పరీక్షించారు. ఎముక త్వరగా అతుక్కోవడంలో ఏ తేడా కనపడలేదు. ఎవరైనా మీకు అది కొనమంటే ఆ డబ్బు పప్పూ గుడ్లకి ఖర్చుపెట్టండి.

మీ చేతికిచ్చిన కాగితాల విషయంలో మాత్రం ఏ మాత్రం మొహమాటపడకండి. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇచ్చాకే అంగీకారం తీసుకోవాలి. చెన్నైలో తమిళం ఇచ్చారంటే సహజమే, కానీ మీ నాన్నగారు చదివేది తెలుగు. తెలుగు ప్రతి కావాలని అడగండి. ఇక్కడ రాయపురం నుంచి ఆవడి వరకూ ఎంతమంది తెలుగువాళ్లు ఉన్నారో వాళ్లకీ తెలుసు. ట్రయల్‌లో రోగులకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతితో అనువాదం చేయించడం వాళ్లకి కొత్త పని కాదు. తెలుగు ప్రతి వచ్చేదాకా సంతకం పెట్టించకండి. మీరు పక్కన కూర్చుని తమిళం చదివి చెప్పినా సరిపోదు. మనం ఇష్టమైనవాళ్లకి చెప్పేటప్పుడు భయపెట్టే మాటలు మింగేస్తాం. సంతకం అయ్యాక ఒక ప్రతి మీ దగ్గర ఉండాలి. అందులో ఎథిక్స్ కమిటీ వాళ్ల ఫోన్ నంబరు ఉండాలి.

ట్రయల్‌కి సీటీఆర్‌ఐ నంబరు అడిగి తీసుకోండి. ఇది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నడిపే, ట్రయల్స్ అన్నీ నమోదయ్యే ప్రభుత్వ రిజిస్టరు, 2007 నుంచి ఉంది. ట్రయల్ మొదలుకాక ముందే అక్కడ నమోదు చేయాలి. ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడవచ్చు. ట్రయల్ మందుకి గాని, దాని కోసం చేసే పరీక్షలకి గాని మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. రానూపోనూ ఆటో ఖర్చు ఇస్తారా అని అడగడం తప్పేమీ కాదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నియమాల ప్రకారం పరిహారం ఇవ్వాలి. మందు లేని జెల్ పడినవారికి అందుబాటులో ఉన్న మామూలు వైద్యం ఇవ్వకపోవడం వల్ల హాని జరిగినా పరిహారం కిందికే వస్తుందని ఆ నియమాల్లో ఉంది. మధ్యలో ఏ రోజైనా, కారణం చెప్పకుండా మానేయవచ్చు. మానేసినందుకు ఆ ఆసుపత్రిలో మామూలు వైద్యం ఆపకూడదు.

అన్నయ్య చెప్పిన క్లినిక్ దగ్గరికి వద్దాం. ఎముకకీ పుండుకీ ఒకే మందు అనే మాట నమ్మేలాగే ఉంటుంది, ఎందుకంటే అందులో ఒక నిజం ఉంది. ఎముక విరిగిన చోటా, చర్మం తెగిన చోటా మొదట జరిగేది ఒకటే. రక్తం గడ్డకడుతుంది, అందులోని కణాలు కొన్ని రసాయనాలు వదిలి బాగుచేసే కణాలను పిలుస్తాయి, కొత్త రక్తనాళాలు పుడతాయి. షుగరు ఈ రెండు చోట్లా ప్రతి మెట్టునూ నెమ్మదింపజేస్తుంది. బెకాప్లెర్మిన్‌లో ఉన్న ప్రొటీన్‌నే చీలమండ ఎముకలు అతికించే ఆపరేషన్లలో వాడటానికి 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది కూడా. కానీ రెండిటికీ దారి ఒకటే అన్నంత మాత్రాన, సిరంజిలో ఏదో ఎక్కిస్తే రెండూ నయమవుతాయని అర్థం కాదు.

ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకి చేసే మూలకణాల (స్టెమ్ సెల్స్) మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యాలన్నీ అనుమతి ఉన్న ట్రయల్‌లోనే చేయాలని ఉంది. ట్రయల్ అంటే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అదే బెంగళూరులో స్టెంప్యూటిక్స్ అనే సంస్థ కాలికి రక్తం అందని బర్జర్స్ జబ్బు కోసం స్టెమ్ సెల్ మందు తయారుచేసి, ట్రయల్స్ చేసి చూపాకే 2016లో పరిమిత అనుమతి పొందింది. ఆ దారిలో వచ్చినవాళ్లు మొదట ఒకే ఒక్క జబ్బుకి అనుమతి తెచ్చుకుంటే, మీ అన్నయ్యతో మాట్లాడినవాళ్లు ఫోన్‌లోనే రెండు జబ్బులకి హామీ ఇచ్చారు. వాళ్లని సీటీఆర్‌ఐ నంబరు అడగమనండి. ఆ రెండున్నర లక్షలు ఇవ్వకండి.

బాబాయి గారికి కోపం రాకుండా చెప్పండి. పుత్తూరు కట్టు మీద మన వైపు వాళ్లకి ఉన్న నమ్మకం నాకు తెలుసు. చెన్నైలో ఆ బోర్డు లేని పేట లేదు. కానీ లోపల రాడ్ ఉన్న ఎముకకి పైనుంచి కట్టే బద్దలతో పని లేదు. అన్నిటికన్నా ముఖ్యం, నొప్పి తెలియని కాలికి బిగుతుగా కట్టు కడితే అది కోసుకుపోతున్నా ఆయనకి తెలియదు. కట్టు విప్పేసరికి రెండో కాలికీ పుండు ఉంటుంది. ఐదు నెలలకి ఎముక అతుక్కోలేదని దిగులు వద్దు. షుగరు ఉన్నవాళ్లకి మామూలువాళ్లకన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది. ప్రతి ఎక్స్‌రేలోనూ కొంచెమైనా ముందుకి జరుగుతోందా అన్నది చూడాలి. మూడు నెలల పాటు ఏ మార్పూ లేకపోతే అప్పుడు రాడ్ స్క్రూ ఒకటి తీయడమో, ఎముక ముక్క పెట్టడమో ఆలోచిస్తారు. విటమిన్ డి పరీక్ష చేయించండి. బీడీ, సిగరెట్ ఉంటే ఈ రోజే ఆపించండి.

నా అభిప్రాయం సూటిగా అడిగితే ఇది. ఆ ఆసుపత్రి వాళ్లు పాదంలో రక్తప్రసరణ చూసి, ఎముకలో చీము లేదని తేల్చుకుని, బరువు పడకుండా ఏర్పాటు చేసి, తెలుగు కాగితం ఇస్తే, నేనైతే మా నాన్నని చేర్పిస్తాను. వారం వారం ఒక శిక్షణ ఉన్న మనిషి పుండుని కొలిచి, ఫొటో తీసి, షుగరు చూస్తారు. మీ ఇద్దరు డాక్టర్లూ ఇప్పటిదాకా చేయని పని అది. ఆ ఏర్పాట్లేమీ లేకుండా జెల్ ట్యూబు చేతికిచ్చి పంపేటట్టయితే వద్దు. అప్పుడు మంచి పాదాల క్లినిక్ ఉన్న చోటికి తీసుకెళ్లండి. చెన్నైలో రాయపురంలోనే 1954 నుంచి షుగరు ఆసుపత్రి ఉంది, పాదాల వైద్యంలో దానికి పేరుంది. దూరం పోనక్కర్లేదు.

ఈలోగా పుండు చుట్టూ ఎరుపు పైకి పాకినా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా, షుగరు హఠాత్తుగా పెరిగినా ఆ రాత్రే క్యాజువాలిటీకి వెళ్లండి. ట్రయల్ వాళ్ల తేదీ కోసం ఆగకండి. ఏ పాదమైనా నొప్పి లేకుండానే ఎర్రగా వేడిగా వాచిపోతే నడిపించకుండా డాక్టర్‌కి చూపండి. షుగరు పాదంలో ఎముకలు అలా చప్పుడు లేకుండా విరుగుతాయి.

మొక్కు గురించి నాన్నగారికి నేనే చెప్పానని చెప్పండి. అరికాలి షుగరు పుండు మానినవాళ్లలో పదిమందిలో నలుగురికి ఏడాదిలోపే మళ్లీ పుడుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, చెప్పులు లేకుండా, ఎండకి కాలిన రాయి మీద, వేడి కూడా తెలియని పాదాలతో ఆయన ఎక్కకూడదు. పుండు మాని, ఎముక అతుక్కుని, మొద్దుబారిన పాదాల కోసం మెత్తటి ఎంసీఆర్ రబ్బరుతో చేసే చెప్పులు కుట్టించుకున్నాక బస్సులో కొండెక్కించండి. గుడి దగ్గర చెప్పులు విప్పే చోట వీల్‌చైర్ తీసుకోండి. తిరిగొచ్చిన రాత్రి మంచం మీద కూర్చోబెట్టి, రెండు అరికాళ్లూ లైటు కింద పెట్టి మీరే చూడండి.